లడఖ్ సరస్సులకి పోతా ఉండారా, చలిగా ఉందని ఎండని నమ్మొద్దు

మన నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి రోహిణి కార్తె ఎండలు తప్పించుకుందామని లడఖ్ పోయేవాళ్ల కోసం ఇది రాస్తా ఉండా. ఈడ ఎండకే తట్టుకున్నోళ్లం ఆడ చలిలో ఏమవుద్దిలే అనుకుంటారు చానామంది, నాకు భయం వేసేది అదే మాట. మనకి చురుక్కుమని తగిలేది ఎండలో వేడి, చర్మాన్ని కాల్చేది మాత్రం ఎండలోనే ఉండే కంటికి కనపడని అల్ట్రావయొలెట్ (యూవీ) కిరణాలు, అది ఒంటికి తెలీదు. గాలి పల్చబడే కొద్దీ వెయ్యి మీటర్ల ఎత్తుకి సుమారు 10 శాతం చొప్పున యూవీ పెరుగుద్ది, పాంగోంగ్ సరస్సు 4,200 మీటర్ల పైన ఉంది, సో మొరీరి సరస్సు 4,500 పైన. పల్చటి మబ్బు పట్టినా పెద్దగా ఆగదు.

ఇంక నీళ్ల సంగతి. మన చెరువుల్లో ఒండ్రు, నాచు, ఆకులు అలములు కుళ్లి కరిగిన రంగు ఉంటాయి కాబట్టి చర్మాన్ని ఎక్కువగా కాల్చే యూవీ-బీ అనే రకం పైపైనే ఆగిపోద్ది. ఎత్తు కొండల్లో చెట్టూ చేమా తక్కువ, మట్టీ తక్కువ, నీళ్లలో కరిగే ఆ సరుకు పెద్దగా ఉండదు, అందుకని బాగా తేటగా ఉండే సరస్సుల్లో యూవీ మీటర్ల లోతుకి దిగిపోద్ది. అట్టాంటి సరస్సుల్లో ఉండే కోపిపాడ్‌లనే సన్నటి జీవులు ఒంట్లో ఎర్రరంగు నింపుకుంటాయి, చానా వరకు పగలు లోతుకి పోయి రాత్రికి పైకొస్తాయి, ఈ దెబ్బ తప్పించుకోవడం దానికి ఒక ముఖ్య కారణం. కాబట్టి ప్యాంటు మడిచి మోకాళ్ల లోతులో నిలబడితే నీళ్లు కాళ్లని కాపాడతాయని అనుకోవద్దు, చల్లటి నీళ్లకి మంట కూడా తెలీదు, సాయంత్రానికి గానీ పాదాల మీద ఎరుపు కనపడదు.

ఫుల్ చేతుల చొక్కా, అంచున్న టోపీ వేసుకోండి. ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా, యూవీ-ఏ అనే ఇంకో రకాన్ని కూడా ఆపే సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయండి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ రాయాలి, చెవులు, మెడ వెనక, గడ్డం కింద, పాదాల పైన అందరూ మర్చిపోతారు. పది నుంచి రెండు దాకా ఎండ గట్టిగా ఉంటది, ఫోటోలు పొద్దున్నే కానిచ్చేయండి. మొటిమలకో ఇంకోదానికో డాక్సీసైక్లిన్ వాడతా ఉంటే చర్మం తొందరగా కాలిపోద్ది, పోయేముందు డాక్టర్‌ని అడగండి.

కళ్ల గురించి గట్టిగా చెప్తా ఉండా. లేహ్ నుంచి పాంగోంగ్ పోయే దోవలో చాంగ్‌లా అనే ఎత్తైన కనుమ దగ్గర మంచు ఉంటది, కొత్త మంచు యూవీని 80 శాతం దాకా వెనక్కి కొడద్ది. రోడ్డు పక్కన కొన్న నల్లద్దాలు వద్దు, యూవీ ఆపని నల్లద్దం పెట్టుకుంటే కంటిపాప పెద్దదై ఇంకా ఎక్కువ లోపలికి పోద్ది, యూవీ 400 అని ఉన్నయ్యే కొనండి, పక్కలు కూడా మూసేవైతే మంచిది, పిల్లలకి కూడా. దెబ్బ తగిలితే అప్పుడే తెలీదు, కొన్ని గంటల తర్వాత, చానాసార్లు రాత్రికి, కళ్లలో ఇసక పడినట్టు ఉండి నీళ్లు కారతాయి. నలపొద్దు, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి, లైట్లు ఆర్పి తడిగుడ్డ వేసుకోండి, చూపు మసకగా ఉన్నా నొప్పి తగ్గకపోయినా కంటి డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.