సందర్శకులే అల్లే దారాల గోడ: ఎలా తయారు చేయాలి?

చూడవచ్చినవాళ్లు చెయ్యి వేస్తేనే పూర్తయ్యే కళ ఇది. 2002లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జపాన్ కళాకారిణి యయోయి కుసామా పిల్లలకు తెల్లటి గది అప్పగించి, రంగు చుక్కల స్టిక్కర్లు చేతికిచ్చారు. ఎవరూ నేర్పకుండానే గదంతా చుక్కలతో నిండింది, ఎందుకంటే చేయాల్సిన పని ఒక్కటే. విజయవాడలో పుస్తక ప్రదర్శనలోనో కాలేజీ ఉత్సవంలోనో పెట్టదగ్గ ఈ గోడకూ పని ఒక్కటే ఉండాలి: తన జవాబున్న మేకుకు దారం చుట్టి, కింది వరసకు దిగడం.

గోడ

8×4 అడుగుల, 18 మి.మీ. ప్లైవుడ్ షీటును అడ్డంగా నిలబెట్టండి. కింది అంచు నేలకు అడుగు ఎత్తున రావాలి. నేల నుంచి 48, 38, 28, 18 అంగుళాల దగ్గర నాలుగు వరసలు గీయండి. అంతకన్నా పైకి వెళ్తే చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకూ చిన్నపిల్లలకూ అందదు. వరసకు 8 మేకులు, అడుగుకొకటి. ప్లైవుడ్ ఒక్కదానిలో దిగిన మేకు వందల దారాల లాగుడుకు వదులైపోతుంది. అందుకని ప్రతి వరస వెనకా అంగుళం మందం రీపరు (చెక్క పట్టీ) బిగించి, 3 అంగుళాల మేకును సగం వరకే కొట్టండి. తల వెడల్పుగా ఉన్న మేకులే తీసుకోండి, దారం జారదు.

ప్రశ్నలు

వరసకో ప్రశ్న, మేకుకో జవాబు రాయండి. మీ పేట: పటమట, గుణదల, భవానీపురం, వన్‌టౌన్, తాడేపల్లి... ఇష్టమైన పచ్చడి. నిద్రపోయే వేళ. ఇంట్లో మాట నెగ్గేది ఎవరిది? ఆలోచించాల్సిన ప్రశ్న ఒక్కటి చాలు, అదీ చివర్లో. ఆవకాయ, గోంగూర లాంటి జవాబులకు పక్కపక్కనే రెండు మేకులు కొట్టండి. ఒక్కటే ఉంటే త్వరగా నిండి, దారాలు తల మీదుగా ఊడిపోతాయి.

దారం

మగ్గం నూలు అందంగా ఉంటుంది కానీ ఒంటి పోగు చేతి లాగుడుకే తెగుతుంది. ఊలు దారం మేలు, మేకును పట్టుకుంటుంది. 15 అడుగుల ముక్కలు కోసి, కొసకు ఉచ్చు ముందే ముడేసి, ఐస్‌క్రీమ్ పుల్లలకు చుట్టి పెట్టండి. జనం ఆగిపోయేది ఆ మొదటి ముడి దగ్గరే. 200 మందికి సుమారు 900 మీటర్లు పడుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేవాళ్ల కోసం 25 అడుగులవి కొన్ని విడిగా ఉంచండి. వయసుకో రంగు ఇస్తే, దూరం నుంచే తరాల తేడా కనిపిస్తుంది.

నిలబెట్టడం

షీటు బరువు సుమారు 30 కిలోలు. కృష్ణ ఒడ్డున పెడితే గాలికి తెరచాపలా తిరగబడుతుంది. షీటును నిలబెట్టేందుకు వెనక బిగించిన కాళ్ల మీద 20 కిలోల ఇసుక బస్తాలు రెండు వేయండి. ఎండాకాలంలో నీడ తప్పనిసరి, మేకులు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి.

తెరిచే ముందు

ఖాళీ గోడకు మొదటి దారం కట్టడానికి ఎవరూ ముందుకు రారు. స్నేహితులతో పది పదిహేను దారాలు కట్టించండి. ప్రదర్శనల్లో ‘ముట్టుకోరాదు’ బోర్డులకు అలవాటుపడ్డ మనవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతారు. అందుకే షీటు పై అడుగులో ‘ముట్టుకోండి, దారం తీసుకోండి’ అని అరచేయంత అక్షరాలతో రాయండి. చివరి మేకుకు మూడు చుట్లు తిప్పి కొస దోపేయమని బొమ్మ గీసి చూపండి. మిగిలిన దారం కోయడానికి, మొన మొండిగా ఉన్న కత్తెరను తాడుతో గోడకే కట్టండి. గంటకోసారి ఒకే చోటు నుంచి ఫొటో తీయండి. సాయంత్రానికి ఏ పేట ఏ పచ్చడి వైపు మొగ్గిందో వరసగా చూపించవచ్చు.