పాస్ ఉంది, పారిస్ రైల్లో సీటు లేదు: నా అనుభవం

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఎమ్మెస్ చేస్తున్నాను. సెలవులు రాగానే పారిస్ వెళ్దామని, యూరప్ దేశాల్లో రైళ్ళలో తిరగడానికి పనికొచ్చే ఇంటర్‌రెయిల్ పాస్ కొన్నాను. మనది ఇండియన్ పాస్‌పోర్టే అయినా, ఇక్కడ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళు తీసుకోవాల్సింది యూరప్ బయట ఉండేవాళ్ళకిచ్చే యూరెయిల్ పాస్ కాదు, ఇదే. పాస్ ఉంటే ఏ రైలైనా ఎక్కేయొచ్చనుకున్నాను.

బయల్దేరే ముందు రోజు రాత్రి అసలు సంగతి తెలిసింది. ఫ్రాన్స్‌లో హైస్పీడ్ రైళ్ళకు పాస్ ఉన్నా విడిగా డబ్బు కట్టి సీటు రిజర్వ్ చేసుకోవాలి. పాస్ వాళ్ళకిచ్చే సీట్లు కొన్నే, అవీ అయిపోయాయి. పారిస్‌లో బస కోసం హాస్టల్‌కి కట్టిన డబ్బులు వెనక్కి రావు. ఒకటే టెన్షన్.

మ్యాప్ ముందేసుకుని కూర్చుంటే దారి దొరికింది. సరిహద్దుకి అటువైపున్న ఫ్రెంచ్ నగరం స్ట్రాస్‌బూర్గ్ నుంచి పారిస్‌కి టీఈఆర్ అనే మామూలు ప్రాంతీయ రైలు ఉంది, రిజర్వేషన్ అక్కర్లేదు. హైస్పీడ్‌లో రెండు గంటల లోపు దారి, ఇందులో దాదాపు ఐదు గంటలు. పొద్దున్నే లోకల్ రైళ్ళలో జర్మనీ వైపు సరిహద్దు ఊరు కేల్ చేరి, అక్కడ స్ట్రాస్‌బూర్గ్ వెళ్ళే ట్రామ్ ఎక్కాను. దానికి పాస్ చెల్లదు, టికెట్ వేరే. వంతెన మీద ట్రామ్ వెళ్తుంటే కింద రైన్ నది. అటు ఒడ్డున బోర్డులన్నీ ఫ్రెంచ్‌లోకి మారిపోయాయి. టీఈఆర్‌లో కిటికీ సీటు దొరికింది, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింటూ సాయంత్రానికల్లా పారిస్‌లో దిగాను.

ఇంకొకటి: మనం ఉండే దేశంలో ఈ పాస్ బయటికి వెళ్ళేటప్పుడు ఒక రోజు, తిరిగొచ్చేటప్పుడు ఒక రోజే పనిచేస్తుంది. రైలెక్కే ముందే యాప్‌లో ఆ ప్రయాణం నమోదు చేసుకోవాలి.