టూరింగ్‌కి సెకండ్ హ్యాండ్ సైకిల్ కొంటున్నారా? ఇవి చూడండి

తారు రోడ్ల మీద లగేజీతో దూరాలు తిరగాలంటే బ్రాండ్ కన్నా ముందు ఫ్రేమ్ మీ ఎత్తుకు సరిపోతుందో లేదో చూడండి, సైజు తేడా ఉంటే ఎంత చవకగా వచ్చినా వద్దు, నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. ముందు సస్పెన్షన్ ఉన్నవీ వదిలేయండి, మంచి రోడ్డు మీద అది అనవసరపు బరువు.

హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోట వేలితో తడిమి చూడండి. అక్కడ పెయింటు ముడతలు పడి ఉంటే బండి ముందు నుంచి దేన్నో గట్టిగా గుద్ది ఉంటుంది, ఇక బేరం కూడా ఆడకండి. తర్వాత చైను. స్కేలు సున్నాని ఒక పిన్ను మధ్యలో పెట్టి, దాని తర్వాత 24వ పిన్ను దాకా కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చాలి, ఎనిమిదో వంతు ఎక్కువొస్తే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

వెనక ఇరుసు దగ్గర క్యారియర్ బిగించే రంధ్రాలు ఉండాలి, 32 మిల్లీమీటర్ల టైరు పట్టాలి. అరకు, శ్రీశైలం లాంటి ఘాట్లు ఎక్కే ఆలోచన ఉంటే పెడళ్ల దగ్గరున్న చిన్న పళ్లచక్రానికి వెనకున్న పెద్ద పళ్లచక్రం కన్నా ఎక్కువ పళ్లు ఉండకూడదు, లేదంటే సామానుతో సహా దిగి తోసుకోవాల్సిందే. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయినా టెన్షన్ పడొద్దు, అవి ఎలాగూ మార్చుకునేవే.