హెడ్‌ఫోన్‌కు ఒక పెట్టె చాలా, రెండు కావాలా? ఎలా తేల్చుకోవాలి

కడపలో మా ఇంట్లో నల్ల కడప రాతి పలకే కంప్యూటర్ బల్ల. దాని మీద ఒకప్పుడు రెండు పెట్టెలు ఒకదానిపై ఒకటి ఉండేవి. ఇప్పుడు ఒకటే ఉంది. పాట వినడానికి ఇన్ని పెట్టెలు ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగినందుకు కాదు, కరెంటు నేర్పిన పాఠం వల్ల.

కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను విద్యుత్ తరంగంగా మార్చేది డాక్. ఆ తరంగానికి హెడ్‌ఫోన్‌ను కదిలించే బలం ఇచ్చేది యాంప్. రెండూ ఒకే పెట్టెలో దొరుకుతాయి, ఫియో కె7లో లాగా. టాపింగ్ ఈ30 డాక్, ఎల్30 యాంప్ లాంటివి విడిగా కొని పేర్చుకోవచ్చు కూడా.

ముందుగా ఏమీ కొనకండి. మీ హెడ్‌ఫోన్‌ను నేరుగా కంప్యూటర్‌కు తగిలించి రాత్రి ఫ్యాను ఆపి వినండి. వాల్యూమ్ సగం దాటాక హాయిగా వినిపిస్తూ, పాట ఆగినప్పుడు బుసబుస లేకపోతే మీకు ఏ పెట్టే అక్కర్లేదు. ఆ డబ్బు మంచి హెడ్‌ఫోన్‌కు దాచుకోండి. తేడా అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది అక్కడే.

శబ్దం చాలకపోతే ఓమ్‌లు, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకు చూపే అడ్డు ఎంతో చూడండి. ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ 38 ఓమ్‌లది, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అనేది 300 ఓమ్‌లది. ఒకే ఒక వోల్టు ఇస్తే మొదటిదానికి సుమారు 26 మిల్లీవాట్లు అందుతాయి, రెండోదానికి 3 చిల్లర. అయితే ఓమ్‌లు తక్కువ కదా అని ధీమా పడకండి. హైఫైమ్యాన్ సుందర లాంటి ప్లానార్ రకాలు (పలుచని పొరను అయస్కాంతాల మధ్య కదిలించేవి) తక్కువ ఓమ్‌లతోనే ఎక్కువ కరెంటు అడుగుతాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరే. కాబట్టి ఇలాంటి వాటికి సొంత అడాప్టర్ ఉన్న పెట్టె తీసుకోండి. ఇంతవరకు ఒకే పెట్టె చాలు.

తరువాత గోడ వైపు చూడండి. నేను చేయనిది ఇదే. అన్నమయ్య కీర్తన పెట్టుకుంటే తంబూర కింద సన్నగా మరో శ్రుతి. రెండు రోజులు అది రికార్డింగ్‌లోని సొగసే అనుకున్నాను. పాట ఆపినా శ్రుతి ఆగలేదు! యాంప్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, కంప్యూటర్ వేరే బోర్డులో. ఎలక్ట్రీషియన్ కంప్యూటర్ బోర్డు విప్పి, “సార్, ఎర్త్ తీగ ఉంది గానీ దేనికీ కలపలేదు” అన్నాడు. కంప్యూటర్ నుంచి కారే కరెంటు భూమిలోకి దారిలేక యూఎస్‌బీ తీగ, డాక్, ఎరుపు తెలుపు కేబుళ్ల మీదుగా యాంప్ ఎర్త్‌ను వెతుక్కుంటోంది. ఆ 50 హెర్ట్జ్ గుయ్యే నేను విన్న శ్రుతి. అన్నిటినీ ఎర్త్ సరిగా ఉన్న ఒకే బోర్డులోకి మార్చాక పోయింది. యూఎస్‌బీతోనే నడిచే ఒంటి పెట్టెకు గోడతో పనే లేదు, ఈ బాధ తక్కువ. ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయినా పాట ఆగదు.

మరి జోడీ ఎవరికి? రెండు మూడు హెడ్‌ఫోన్లు మార్చేవారికి, రేపు యాంప్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారికి. అప్పుడు కూడా నా సలహా ఒకటే: వెనక లైన్ అవుట్, అంటే డాక్ తరంగాన్ని వేరే యాంప్‌కు పంపే రంధ్రం ఉన్న ఒంటి పెట్టె కొనండి. అవసరం పడితే దానికే వేరే యాంప్ జోడించుకోవచ్చు. పేర్చే పక్షంలో మధ్య వేలెడు సందు వదలండి, మన ఎండల్లో పెట్టెలకూ ఊపిరి కావాలి.

అమెరికా బంధువుల చేత తెప్పించుకుంటే అడాప్టర్ మీద అక్షరాలు చదవండి. 120 వోల్టులకు మాత్రమే పనికొచ్చేదాన్ని మన 230లో పెడితే మాడిపోతుంది. కొన్ని యాంప్‌ల అడాప్టర్లు ఏసీ కరెంటునే బయటికి ఇస్తాయి, వాటి స్థానంలో డీసీ ఇచ్చే వైఫై పెట్టె అడాప్టర్ పనికిరాదు.

జోడీని వాడేటప్పుడు డాక్ ముందు, యాంప్ చివర ఆన్ చేయాలి. ఆపేటప్పుడు యాంప్ ముందు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ క్రమం మన చేతిలో ఉండదు, యాంప్ ఢబ్బుమంటుంది. అందుకే లైటు ఆరగానే హెడ్‌ఫోన్ పిన్ను లాగి పక్కన పెట్టండి.