నవల మధ్యలో ఆగిపోతే ఒక పేరా తిరగరాసి చూడండి

మంచి నవల అని అందరూ చెబుతారు, మనకేమో కొన్ని పేజీలు దాటేసరికి కథ చెబుతున్న మనిషి మీదే చిరాకొచ్చి పుస్తకం పక్కన పెట్టేస్తాం. చలం 'మైదానం' దగ్గర నాకు రెండుసార్లు అలాగే అయింది. ఆ కథంతా నాయిక రాజేశ్వరే 'నేను' అంటూ చెబుతుంది కదా.

మూడోసారి ఇలా చేశాను. చిరాకు పుట్టిన చోటే పది వాక్యాలు తీసుకుని, పెన్సిల్‌తో కాగితం మీద 'నేను'ని 'ఆమె'గా మార్చి రాశాను. తెలుగులో 'నేను' చాలాసార్లు పైకి కనిపించదు, క్రియ చివర దాక్కుంటుంది, కాబట్టి 'వెళ్ళాను'ని 'వెళ్ళింది' అని, 'అనుకున్నాను'ని 'అనుకుంది' అని కూడా మార్చాలి. పది నిమిషాల పని. తర్వాత రెండూ పైకి చదివితే ఏ వాక్యాలు అలాగే నిలబడ్డాయో, ఏవి ఆమె మీద తీర్పులా మారిపోయాయో చెవికే తెలుస్తుంది. ఆ రెండో రకం వాక్యాల కోసమే రచయిత 'నేను' ఎంచుకున్నాడని నాకనిపించింది, ఆ తర్వాత పుస్తకం ఆగలేదు.

'అతను', 'ఆమె' అని నడిచే నవలకైతే తిరగేసి 'నేను'లోకి మార్చండి. అక్కడ కథకుడు ఎవరిని 'వాడు' అంటున్నాడో, ఎవరిని 'ఆయన' అంటున్నాడో కూడా గీత పెట్టుకోండి, ఎవరి పక్కన నిలబడి చెబుతున్నాడో అందులో దొరికిపోతుంది.

ఇంగ్లీషు నుంచి వచ్చిన అనువాదాలకు మాత్రం ఈ వాడు, ఆయన లెక్క పనికిరాదు, ఆ ఎంపిక అనువాదకులది.