నంబర్ల లిస్టు మీద రికర్షన్: ముందు ఖాళీ లిస్టు సంగతి తేల్చండి

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట వెతికేది ఫర్ లూప్ కోసం. అది ఈ భాషలో లేదు, దాని బదులు రికర్షన్, అంటే ఫంక్షన్ తనని తానే మళ్లీ పిలుచుకోవడం. ఇక్కడ లిస్టు అంటే రెండే రకాలు: ఖాళీది, లేదా ముందొక నంబరు, దాని వెనక ఇంకో లిస్టు. 1958లో జాన్ మెకార్తీ లిస్ప్ భాష మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే లెక్క, కాబట్టి ఫంక్షన్ కూడా రెండు లైన్లే. కూడిక చూడండి (పేర్లు తెలుగులో పెట్టింది అర్థం కావడానికే; [] అంటే ఖాళీ లిస్టు, : గుర్తు ముందున్న నంబరుని వెనకున్న లిస్టుతో కలుపుతుంది):

మొత్తం [] = 0
మొత్తం (మొదటిది : మిగతావి) = మొదటిది + మొత్తం మిగతావి

[4, 7, 2] ఇస్తే 4 + (7 + (2 + 0)), అంటే 13. రెండో లైను రాసేటప్పుడు లోపల ఏం జరుగుతుంది, దాని లోపల ఏం జరుగుతుంది అని దిగారో బుర్ర వేడెక్కుతుంది. మిగతావాటి మొత్తం ఎవరో చేసి చేతిలో పెట్టారనుకుని, దానికి మొదటిది కలిపేయండి, చాలు.

తప్పులు ఎక్కువగా దొర్లేది మొదటి లైనులోనే. కూడికకి 0 పెట్టాం కదా అని గుణకారానికీ 0 పెడితే ఏ లిస్టిచ్చినా జవాబు 0, అక్కడ 1 ఉండాలి. అన్నిటికన్నా పెద్ద నంబరు వెతికే ఫంక్షన్‌లో నేనూ ఒకసారి 0 పెట్టేశా, టెస్టులన్నీ పాసయ్యాయి, [-5, -3] తగిలేదాకా. -3 రావాల్సిన చోట 0 వచ్చింది, అసలు లిస్టులోనే లేని నంబరు! ఖాళీ లిస్టులో పెద్ద నంబరంటూ ఉండదు కదా, అందుకని ఒక్క నంబరు మిగిలినప్పుడే ఆగాలి:

పెద్దది [ఒకటి] = ఒకటి
పెద్దది (మొదటిది : మిగతావి) = మాక్స్ మొదటిది (పెద్దది మిగతావి)

ఖాళీ లిస్టిస్తే ఇది ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. దొంగ జవాబు కన్నా అదే నయం. అలా ఆగడం కూడా వద్దనుకుంటే మేబీ (జవాబు ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే టైపు) వాడండి.

లిస్టులో లక్షల నంబర్లుంటే ఇంకో తలనొప్పి. పైన రాసిన కూడికలో చివరి 0 దొరికేదాకా ఒక్క ప్లస్ కూడా పూర్తవదు, అన్నీ స్టాక్ (సగంలో ఆగిన పనులు దాచుకునే మెమరీ) మీద పేరుకుంటాయి. అందుకే అప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని వెంట తీసుకెళ్లాలి, దీన్నే అక్యుములేటర్ అంటారు:

కూడు వచ్చింది [] = వచ్చింది
కూడు వచ్చింది (మొదటిది : మిగతావి) = కూడు (వచ్చింది + మొదటిది) మిగతావి

0తో మొదలుపెడితే అది 4, 11, 13 అని పెరుగుతూ పోతుంది, వెనక్కి వచ్చి చేయాల్సిన పనేమీ మిగలదు. ఓక్యామల్ అనే ఇంకో భాషలో ఇంతటితో అయిపోయినట్టే. హాస్కెల్ బద్ధకస్తురాలు, అడిగేదాకా కూడదు, ప్లస్‌లన్నీ మెమరీలో అలాగే దాచిపెట్టుకోవచ్చు. ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటే కంపైలరే చాలాసార్లు చూసుకుంటుంది గానీ, దాని మీద భారం వేయకుండా అక్యుములేటర్ పేరు ముందు ఆశ్చర్యార్థకం (!) పెట్టేయండి, అప్పుడు ఎప్పటికప్పుడు కూడేస్తుంది. లేదంటే ఈ రికర్షన్ మీరు రాయకుండా ఇదే పని చేసిపెట్టే రెడీమేడ్ ఫంక్షన్ ఫోల్డ్‌ఎల్ ప్రైమ్‌కి (foldl') అప్పగించండి, హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.10 నుంచి దానికి ఇంపోర్ట్ కూడా అక్కర్లేదు.