15 పీఎస్‌ఐ దగ్గర నిజం చెప్పే టైర్ గేజ్‌ని ఎలా ఎంచుకోవాలి?

ఆఫ్‌రోడ్‌కి బయల్దేరే బండ్లలో దిగబడ్డ బండిని లాగే వించ్ ఉంటుంది, రికవరీ స్ట్రాప్ ఉంటుంది, పైన లైట్ల వరస ఉంటుంది. గాలి చూడ్డానికి మాత్రం ఎప్పుడో కంప్రెసర్‌తో పాటు ఉచితంగా వచ్చిన గేజ్ ఉంటుంది. ఇసుకలో బండి దిగబడితే అందరూ డ్రైవర్‌ని తిడతారు, గేజ్‌ని ఒక్కరూ అనుమానించరు.

తారు రోడ్డు మీద గేజ్ రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అటూ ఇటూ చెప్పినా పెద్దగా తెలియదు. ఇసుకలో అలా కాదు, అక్కడ టైరు వెడల్పుగా పరుచుకోవడానికి గాలి బాగా దింపుతారు. 15 అనుకుని 12కి దింపితే గట్టి మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. 15 అనుకున్నది 18 ఉంటే దిబ్బ ఎక్కాల్సిన బండి కూరుకుపోతుంది.

1. మీరు ఎంత కిందికి దింపుతారో తేల్చుకోండి

వికారాబాద్ బురదకీ మారేడుమిల్లి రాళ్ల దారులకీ చాలా బండ్లకు 20 నుంచి 25 సరిపోతుంది. జైసల్మేర్ ఇసుకకైనా, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు సెలవు రోజుల్లో వెళ్లే యూఏఈలోని బదాయర్, లివా దిబ్బలకైనా 15 చుట్టుపక్కలకు దిగాలి. టైరు అంచుని బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ములు లేకపోతే 12 కిందికి వెళ్లొద్దు. బండి బరువు, టైరు సైజుని బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి. మీ అంకె ఒక కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి.

2. రకం: డయల్ గేజే

పెన్నులా ఉండి పుల్ల బయటికి వచ్చే గేజ్ వద్దు. లోపల స్ప్రింగు, దుమ్ము పడితే పుల్ల పట్టేస్తుంది. డిజిటల్ గేజ్ 15.3 అని చూపిస్తే జనం మురిసిపోతారు. పాయింటు తర్వాత అంకె చూపించినంత మాత్రాన అది అంత కచ్చితమైనదని కాదు, తెర మీద ఎన్ని అంకెలైనా వేయొచ్చు. పైగా చలికాలం తెల్లవారుజామున బ్యాటరీ చచ్చిందంటే చేతిలో మిగిలేది ప్లాస్టిక్ ముక్క.

డయల్ గేజ్‌లో ఉండేది బూర్డాన్ ట్యూబు. వంపు తిరిగిన సన్నటి లోహపు గొట్టం, గాలి లోపలికి వెళ్లగానే కాస్త నిటారుగా సాగుతుంది, ఆ కదలికే ముల్లుని తిప్పుతుంది. ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంట్ తీసుకున్న పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది. గేజ్‌కి బయట, టైరు వాల్వ్‌కి తగిలించే గొట్టం, గాలి వదిలే బటన్ ఉండాలి. ఇక కొందరు "అరవై లెక్కపెట్టేదాకా గాలి వదిలితే చాలు, గేజ్ ఎందుకు" అంటారు. ఒక టైరుకి వాల్వ్ కోర్ (వాల్వ్ లోపల గాలిని ఆపే ముక్క) వదులుగా ఉంటుంది, ఇంకోదానికి మట్టి పట్టి ఉంటుంది, అరవై లెక్కపెట్టేసరికి రెండిట్లోనూ ఒకే గాలి ఎలా ఉంటుంది? టైరుని కాలితో తన్ని చెప్పేవాళ్ల గురించి అసలు మాట్లాడను.

గ్లిసరిన్ నింపిన డయల్ చూడ్డానికి ఖరీదుగా ఉంటుంది, కుదుపులకి ముల్లు వణకదు. కానీ దాని డబ్బా బిగుతుగా మూసి ఉంటుంది. ఎండలో వేడెక్కితే లోపలి ఒత్తిడి పెరిగి తక్కువ చూపిస్తుంది. సముద్ర మట్టం దగ్గర నుంచి లేహ్ వెళ్తే, అక్కడ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి దాదాపు 5 పీఎస్‌ఐ తగ్గుతుంది, డబ్బాలో మాత్రం తగ్గదు. ఇక ముల్లు చెప్పేది నమ్మలేం. పైన ఉన్న రబ్బరు బిరడాని మెల్లగా ఎత్తి గాలి సర్దితే మళ్లీ దారికొస్తుంది. ఈ తంటా ఎందుకని నేను గ్లిసరిన్ లేని గేజే కొంటాను, మీరూ అదే కొనండి.

3. స్కేలు, శాతం: తొందరపడకూడని చోటు

పెట్టె మీద "±2 శాతం" అని చూడగానే 15లో 2 శాతం అంటే 0.3 కదా, బ్రహ్మాండం అనుకుంటారు. కాదు. చాలా డయల్ గేజ్‌లలో ఆ శాతం మీరు చదివే అంకె మీద కాదు, స్కేలు చివరి అంకె మీద. 0 నుంచి 160 వరకు ఉన్న గేజ్‌కి 2 శాతం అంటే 3.2 పీఎస్‌ఐ. ముల్లు 15 చూపిస్తే అసలు గాలి 12 నుంచి 18 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. బియ్యం బస్తాల కాటా మీద బంగారం తూచినట్టు ఉంటుంది వ్యవహారం. అదే 2 శాతం 0–60 గేజ్‌లో 1.2 అవుతుంది, 1 శాతం గేజ్ దొరికితే 0.6.

ఇంకో మెలిక ఉంది. ఈ గేజ్‌లు స్కేలు నడుమ బాగా చెబుతాయి, రెండు కొసల్లో తడబడతాయి. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం (ఏఎస్‌ఎంఈ) ప్రమాణంలో గ్రేడ్ బి అంటే నడిమి సగంలో 2 శాతం, మొదటి, చివరి పావుల్లో 3 శాతం వరకు తేడా ఒప్పుకుంటారు. 0–100 గేజ్‌లో 15 ఎక్కడుంది? మొదటి పావులో. అంటే 3 పీఎస్‌ఐ తేడా ఉన్నా ఆ గేజ్ పాసైనట్టే. 0–60లో నడిమి సగం 15 నుంచి 45 వరకు. ఇసుకలోని 15, రోడ్డు మీది 33 రెండూ అందులోనే ఉన్నాయి. అందుకే 0–60 తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు. భారీ పికప్‌కి 65 కొట్టే వాళ్లు దానికి విడిగా ఇంకో గేజ్ పెట్టుకోవాలి. "అన్నిటికీ ఒకటే చాలు సార్" అని షాపులో 0–160 చేతిలో పెడతారు. లారీకి కూడా పనికొస్తుందంటారు. మీకు లారీ ఉందా?

శాతం దేని మీదో పెట్టె మీద రాయకపోతే స్కేలు చివరి అంకె మీదే అనుకోండి. శాతమే రాయకపోతే పక్కన పెట్టేయండి.

కొనే ముందు డయల్‌ని దగ్గరగా చూడండి. కొన్నిట్లో సున్నా దగ్గర ముల్లుని ఆపే చిన్న పిన్ను ఉంటుంది. గేజ్ కిందపడి లోపల గొట్టం కాస్త వంగినా, ముల్లు ఆ పిన్నుకి ఆని బుద్ధిగా సున్నా చూపిస్తుంది. పిన్ను లేనిదైతే ముల్లు సున్నాకి పక్కన నిలబడి తన జబ్బు తానే చెప్పేస్తుంది. గీతలు కూడా ఒక్కో పీఎస్‌ఐకి ఒకటి ఉండాలి. ఐదేసి పీఎస్‌ఐకి ఒక గీత ఉంటే మధ్యలో అంచనా కట్టుకోవాలి.

4. ఇంటికొచ్చాక పరీక్ష

పొద్దున్నే, బండి కదలకముందు, ఎండ పడకముందు చేయండి. ఎండ తగిలిన వైపు టైర్లలో గాలి వేడెక్కి అంకె పెరుగుతుంది, ఆ తేడాని గేజ్ మీద వేసేస్తారు. ఒకే టైరుకి మూడుసార్లు పెట్టి తీయండి. గేజ్ పెట్టినప్పుడల్లా సుయ్‌మని కొంచెం గాలి పోతుంది, అయినా మూడు అంకెలూ అర పీఎస్‌ఐ లోపు ఉండాలి. తర్వాత అదే టైరుని 15కి దింపి మళ్లీ మూడుసార్లు చూడండి. ఈ రెండోదే అసలు పరీక్ష, అందరూ 33 దగ్గర చూసి వదిలేస్తారు. కంప్రెసర్ పక్కనే పెట్టుకోండి, 15తో రోడ్డెక్కొద్దు.

పెట్టిన ప్రతిసారీ ఒకేలా ఒక పీఎస్‌ఐ ఎక్కువ చూపించే గేజ్ మంచి గేజే, ఒకటి తీసేసుకుంటే సరి. ఒకసారి 14, ఇంకోసారి 16 చూపించే గేజ్‌ని తిరిగిచ్చేయండి. ఎంత తేడా ఉందో తెలుసుకోవడానికి బంకులో గాలి మిషన్‌తో పోల్చొద్దు, రోజంతా దెబ్బలు తినే మిషన్ అది. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ఒప్పుకున్న, కొలత పరికరాల్ని సరిచూసే కాలిబ్రేషన్ ల్యాబ్‌కి తీసుకెళ్లి 10, 15, 20, 30 దగ్గర రీడింగులు అడగండి. వచ్చిన తేడాలు స్టిక్కర్ మీద రాసి గేజ్ వెనక అంటించండి.

వాల్వ్ కోర్ పీకేసి గాలి తీసే డిఫ్లేటర్ వాడేవాళ్లు ఒకటి గమనించండి. గాలి బయటికి పోతుండగా దాని ముల్లు చెప్పే అంకె తప్పు. గాలిని వదిలి ఆపే దాని జారుడు తొడుగుని (స్లీవ్) మూసి, ముల్లు ఆగాక చదవండి, చివర్లో మళ్లీ మీ గేజ్‌తో సరిచూసుకోండి.

గేజ్‌ని జాకీ, స్పానర్ల మధ్య పడేయొద్దు, డాష్‌బోర్డు మీద ఎండలో వదలొద్దు. దళసరి గుడ్డలో చుట్టి గ్లవ్ బాక్సులో పెట్టండి. ఎవరైనా అడిగితే మీరే వెళ్లి గాలి చూసిపెట్టండి, చేతికివ్వకండి. ఒకవేళ రాతి మీద పడితే, ముల్లు సున్నా దగ్గరే ఉన్నా సరే, తర్వాతి ట్రిప్పుకి ముందు 15 దగ్గర ఆ మూడు రీడింగులు మళ్లీ తీయండి.